తన పొగ తానే మింగే యంత్రం

కారుకు జబ్బు చేస్తే ఆ సంగతి మొదట తెలిసేది నడిపేవాడికే. బ్రేకు పట్టకపోతే కాలికి తెలుస్తుంది. చక్రం వంకరైతే చేతికి తెలుస్తుంది. బ్యాటరీ చచ్చిపోతే ఆఫీసుకి ఆలస్యమై అందరికీ తెలుస్తుంది. ఒక్క భాగం మాత్రం ఈ నియమానికి లొంగదు. అది మూసుకుపోయి పని మానేస్తే నడిపేవాడికి తెలిసేది బహు స్వల్పం. బాధ పడేది మరెవరో, మరెక్కడో. ఆ ఏర్పాటు పేరు ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్, పొట్టిగా ఈజీఆర్. ఇంజను వదిలిన పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజనుచేతనే తాగించడం దాని పని.

దీని చరిత్ర వెతకాలన్న బుద్ధి నాకు పుట్టించింది నా పాత కారు. 2007 నాటి మాట. అప్పట్లో మేము కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఉన్న రివర్‌సైడ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. కారు 1991 నాటిది; నా దగ్గరకు వచ్చేసరికే మూడు చేతులు మారింది. ఆ రాష్ట్రంలో అలాంటి కార్లకు రెండేళ్ళకొకసారి పొగ పరీక్ష చేయించాలి. చక్రాలను రోలర్ల మీద నిలిపి, ఉన్నచోటనే గంటకు 15 మైళ్ళ వేగంతో ఒకసారి, 25 మైళ్ళ వేగంతో మరొకసారి, బరువు లాగుతున్నట్టుగా పరుగెత్తించి, వెనక పొగగొట్టంలోనుంచి వచ్చేదాన్ని కొలుస్తారు. నా కారు వదిలిన ఉదకర్బనాలు పరిమితిలోనే ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడూ పరిమితిలోనే ఉంది. నైట్రిక్ ఆక్సైడ్ మాత్రం ఉండవలసినదానికి దాదాపు రెట్టింపు! నా చేతికి వచ్చిన కాగితం మీద 'ఫెయిల్' అని అచ్చయి ఉంది.

పదో తరగతి తరవాత ఆ మాట నా పేరు పక్కన చూడటం అదే మొదలు. పైగా కారు నిక్షేపంగా నడుస్తోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనులో గులకరాళ్ళు ఆడించినట్టు చిన్న చప్పుడు తప్ప మరే లోపమూ నాకు కనబడలేదు. దగ్గరలో ఉన్న మెకానిక్కు ఈజీఆర్ కవాటం పోయిందని చెప్పి కొత్తది వేశాడు. మళ్ళీ పరీక్షకు వెళితే మళ్ళీ అదే అంకె, కాస్త అటూ ఇటూగా. ఈసారి క్యాటలిటిక్ కన్వర్టరు మార్చాలన్నాడు. దాని ఖరీదు నా కారు ఖరీదులో సగం.

ఆ వారంలో నాకు రెండు సలహాలు వచ్చాయి. మొదటిది మా అన్నయ్యది. హైదరాబాదులో డీజిలు కారును టాక్సీగా తిప్పుతున్నాడు. ఫోనులో విని నవ్వాడు. "ఒరే, ఇక్కడ మేమందరం ఆ వాల్వు దగ్గర చిన్న రేకుముక్క కోసిపెట్టి బిగించేస్తాం. తాగిన పొగ మళ్ళీ తాగించడం ఏవిట్రా, ఎంగిలి కూడు పెట్టినట్టు!" అన్నాడు. రెండో సలహా ఆఫీసులో పక్కన కూర్చునే ఆయనది. "పరీక్ష రోజున ఇగ్నిషన్ టైమింగు కాస్త వెనక్కి తిప్పు. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. గట్టెక్కాక మళ్ళీ ముందుకు తిప్పుకో, ఎవరికీ తెలియదు" అన్నాడాయన. నిజం చెప్పాలంటే మొదటి సలహా విని నవ్వుకున్నాను గాని రెండోది రెండు రోజులు మనసులో మెదిలింది.

ఇక్కడే మా వాడి సంగతి కూడా చెప్పాలి. వాడికప్పుడు అయిదేళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆడుకుని ఇంట్లోకి వచ్చేసరికి రొమ్ము పట్టేసేది, ఇన్‌హేలర్ పెట్టవలసివచ్చేది. ఆ రోజుల్లో మా పెరట్లోనుంచి చూస్తే ఉత్తరాన ఉన్న కొండలు కనబడేవి కావు. వాటి ముందు గోధుమరంగు తెర ఒకటి వేలాడేది. ఆ తెర ఎక్కడిది అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాను.

* * *

1943 జులై 26న లాస్ ఏంజెలెస్ నగరం మీద ఒక ఘాటైన పొగ కమ్ముకుంది. కళ్ళు మండాయి, గొంతులు పట్టేశాయి, కొద్ది దూరంలో ఉన్న భవనాలు కూడా కనబడకుండా పోయాయి. యుద్ధకాలం కనక జపాను వాళ్ళు విషవాయువు వదిలారని కొందరు భయపడ్డారు. తరవాత, కృత్రిమ రబ్బరు కోసం బ్యూటడైన్ తయారుచేస్తున్న ఒక కర్మాగారం మీద నింద పడింది. దాన్ని కొన్నాళ్ళు మూయించారు. పొగ మాత్రం మానలేదు.

అసలు సంగతి బయటపెట్టినవాడు ఏరీ హాగెన్-స్మిట్. హాలెండులో పుట్టి, కాల్టెక్‌లో ఆచార్యుడిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త. అనాసపండుకు ఆ వాసన ఎలా వస్తుందో శోధిస్తున్న మనిషి. పండు వాసనను పట్టే పద్ధతిలోనే పాసడీనా ఊరి గాలిని చల్లార్చి పట్టి చూశాడు. దుర్వాసన కొట్టే గోధుమరంగు ద్రవం కొన్ని చుక్కలు దొరికాయి. కార్లనుంచీ చమురు శుద్ధి కర్మాగారాలనుంచీ వచ్చే ఉదకర్బనాలూ, మంటల్లో పుట్టే నత్రజని ఆక్సైడులూ కలిసి, ఎండ తగిలినప్పుడు ఓజోను తయారవుతుందని ఆయన తేల్చాడు. అక్కడి కార్ల టైర్లు మామూలుకంటె త్వరగా ఎందుకు బీటలు వారుతున్నాయో కూడా దానితో తెలిసింది. రబ్బరును పగలగొట్టేది ఓజోనే. చమురు కంపెనీల డబ్బుతో పనిచేస్తున్న పరిశోధకులు ఆయన మాట తప్పన్నారు. ఆ ఆక్షేపణకు కోపం వచ్చి, అనాసపండు పక్కనబెట్టి ఈ పనిమీదే కూర్చున్నాడు. 1952లో ఆయన ప్రచురించిన వ్యాసం తరవాత ఆ వాదం నిలబడింది. 1968లో కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి మొదటి అధ్యక్షుడైనదీ ఆయనే.

దీనిలో మా ఊరికి సంబంధించిన విషయం ఒకటుంది. నగరంలో పొద్దుటిపూట కార్లు వదిలిన పొగను సముద్రపు గాలి తూర్పుకు తోసుకుపోతుంది. దారిలో ఎండకు అది పక్వమవుతుంది. మధ్యాహ్నానికి ఓజోనుగా మారి రివర్‌సైడ్, శాన్ బెర్నార్డినో ఊళ్ళ మీద దిగుతుంది. అంటే, వదిలేది ఒకరు, పీల్చేది మరొకరు.

* * *

మరి నత్రజని ఆక్సైడులు ఇంజనులోకి ఎలా వచ్చాయి? పెట్రోలులో నత్రజని ఉన్నది నామమాత్రమే. అది వచ్చేది మనం పీల్చే గాలిలోనుంచే. గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజని. మామూలుగా అది ఎవరి జోలికీ పోని సాధుజీవి. మంట వేడి సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే మాత్రం ప్రాణవాయువుతో కలవడం మొదలుపెడుతుంది. అక్కడినుంచి వేడి కొంచెం పెరిగినా ఆ కలయిక విపరీతంగా పెరుగుతుంది. ఈ చర్య నడిచే తీరును 1940లలో రష్యా శాస్త్రవేత్త యాకొవ్ జెల్డోవిచ్ విడమరచి చెప్పాడు.

ఇక్కడ చరిత్రలో ఒక తమాషా జరిగింది. 1966 నమూనా కార్లనుంచి కాలిఫోర్నియాలో ఉదకర్బనాలకూ కార్బన్ మోనాక్సైడుకూ పరిమితులు పెట్టారు. ఈ రెండూ అరకొరగా మండిన ఇంధనం వల్ల వచ్చేవి. కనక కంపెనీలు ఇంధనం తగ్గించి, గాలి పెంచి, పూర్తిగా మండేటట్టు చేశాయి. బాగా మండితే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే నత్రజని ఆక్సైడులు పెరుగుతాయి. రెండు జబ్బులకు వేసిన మందు మూడో జబ్బును పెంచింది! దాంతో 1971 నమూనాలనుంచి కాలిఫోర్నియా నత్రజని ఆక్సైడులకూ మైలుకు 4 గ్రాములని పరిమితి పెట్టింది. 1970 చివర సంతకమైన స్వచ్ఛ వాయు చట్టం కింద 1973 నమూనాలనుంచి అమెరికా దేశమంతటా మైలుకు సుమారు 3 గ్రాముల పరిమితి వచ్చింది.

ఆ పరిమితికి సమాధానంగా వచ్చిందే ఈజీఆర్. మండిపోయిన పొగలో మిగిలేది ఎక్కువగా నత్రజని, బొగ్గుపులుసు గాలి, నీటి ఆవిరి. అది మళ్ళీ మండదు. కొత్త గాలితో కలిపి లోపలికి పంపితే, చోటు ఆక్రమించి, వేడిని తాను పీల్చుకుని, మంట తీవ్రతను తగ్గిస్తుంది. పెట్రోలు ఇంజనుల్లో సాధారణంగా నూటికి అయిదునుంచి పదిహేను పాళ్ళ పొగ చాలు. మా అన్నయ్య ఎంగిలి కూడు అన్నాడు గాని, నాకది మరిగే పాల మీద చల్లే నీళ్ళలా కనబడింది. పాలకు బలం ఇవ్వదు, పొంగనివ్వదు, అంతే.

అయితే అన్ని వేళలా ఇది పనికిరాదు. కారు ఆగి, ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు పొగ కలిపితే ఇంజను తడబడి ఆగిపోతుంది. పూర్తి బలం కావలసినప్పుడు కలిపితే బలం తగ్గుతుంది. కాబట్టి మధ్యస్థంగా పరుగెత్తేటప్పుడు మాత్రమే కవాటం తెరుచుకోవాలి. 1970ల మొదట్లో కార్లలో కంప్యూటర్లు లేవు. ఇంజను పీల్చే శూన్యపీడనాన్నే సన్నటి రబ్బరు గొట్టాల ద్వారా తెచ్చి, ఒక పలచటి పొరను లాగించి కవాటం తెరిపించారు. ఇంజను వేడెక్కేదాకా తెరుచుకోకుండా మరో మీట పెట్టారు. బానెట్ కింద గొట్టాల అడవి పెరిగింది. తొలినాళ్ళ ఏర్పాట్లు ముతకగా ఉండేవి. కార్లు తటపటాయించేవి, కుదుపులు పెట్టేవి. జనం విసుక్కుని ఆ గొట్టం ఊడబీకి, దాని మూతిలో ఒక మేకో, స్క్రూవో దూర్చడం నేర్చుకున్నారు. ఊడబీకినవాడికి కలిగిన నష్టం ఏమీ లేదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

చట్టం వాళ్ళ వెనకాలే మెల్లగా నడిచింది. 1970 చట్టం ఇలా తొలగించవద్దని కంపెనీలకూ అమ్మకందారులకూ మాత్రమే చెప్పింది. 1977 సవరణ మరమ్మతు షాపులను చేర్చింది. 1990 సవరణ ప్రతి వ్యక్తినీ చేర్చింది. ఇరవై ఏళ్ళు పట్టింది, కారు యజమాని దాకా రావడానికి!

* * *

చట్టం ఉంటే చాలదు, లోపం కనబడాలి. 1984లో కాలిఫోర్నియాలో పొగ పరీక్షలు మొదలయినప్పుడు కారును నిలబెట్టి, ఇంజను ఊరికే తిరుగుతుండగా కొలిచేవారు. ఊరికే తిరిగే ఇంజనులో వేడి తక్కువ, నత్రజని ఆక్సైడులు దాదాపు పుట్టవు. ఈజీఆర్ కవాటం ఎలాగూ మూసే ఉంటుంది. అది బతికి ఉందో చచ్చిపోయిందో ఆ అంకెలలో తెలిసే వీలు లేదు. పడుకున్నవాడి నాడి చూసి కొండ ఎక్కగలడో లేదో చెప్పడం వంటిదది. 1998లో, కాలుష్యం ఎక్కువ ఉన్న ప్రాంతాలలో రోలర్ల పరీక్ష వచ్చాకే బరువు లాగుతున్న ఇంజను వదిలేది ఏమిటో కొలవడం సాధ్యమయింది. నా కారు దొరికిపోయింది ఆ పరీక్షలోనే.

రెండో మార్గం కారు చేతనే చెప్పించడం. 1988 నమూనాలనుంచి కాలిఫోర్నియా కార్లలో ఈజీఆర్‌ను కారు కంప్యూటరే కనిపెట్టుకుని ఉండాలన్నారు. 1996 నమూనాలనుంచి దేశమంతటా అన్ని కార్లకూ ఒకే సంకేతాల పద్ధతి వచ్చింది. కంప్యూటరు అనువైన సమయం చూసి కవాటం తెరిపించి, లోపలి పీడనమో, ఉష్ణోగ్రతో మారిందా లేదా అని గమనిస్తుంది. మారకపోతే దీపం వెలిగిస్తుంది. ఆ దీపం వెనక ఉండే పీ0401 అనే సంకేతానికి అర్థం 'పొగ చాలినంత రావడం లేదు' అని మాత్రమే. కవాటం పాడైందని కాదు! అయినా ఆ సంకేతం చూడగానే కవాటం మార్చేవాళ్ళు కోకొల్లలు.

నా 1991 కారులో అంత తెలివైన కంప్యూటరు లేదు. ఆ కంప్యూటరు చేసే పని నేనే చెయ్యాలనుకున్నాను. ఒక శనివారం పొద్దున్న చేత్తో నొక్కే చిన్న వాక్యూమ్ పంపు కొనుక్కొచ్చాను. పద్ధతి చాలా సులువు. ఇంజను వేడెక్కనిచ్చి, ఊరికే తిరగనిచ్చి, కవాటానికి వచ్చే గొట్టం తీసేసి పంపు తగిలించి నొక్కాలి. ఇంజను తడబడితే కవాటమూ బాగుంది, పొగ వచ్చే దారీ బాగుంది. లోపం గొట్టాలలోనో, వాటిని నడిపే మీటలలోనో ఉన్నట్టు. పంపు ముల్లు నిలవకుండా జారిపోతే పొర చిరిగినట్టు. (ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని రకాల కవాటాలు పొగ వెనకనుంచి ఒత్తిడి ఉంటేనే శూన్యాన్ని నిలుపుతాయి. ఆ సంగతి తెలియక బాగున్నవాటిని పారేసినవాళ్ళు ఎందరో.) ముల్లు నిలిచి, కవాటం కాడ కదులుతూ కూడా ఇంజను చలించకపోతే పొగ దారి మూసుకుపోయినట్టు.

నేను నొక్కాను. ముల్లు నిలిచింది. చిన్న అద్దం పెట్టి చూస్తే కాడ పైకి లేచింది. ఇంజను మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంది.

కవాటం విప్పి చూస్తే, కొత్తది కొత్తగానే ఉంది. దాని కింద, ఇంజనులోకి వెళ్ళే దారి పదహారేళ్ళ మసితో గట్టిపడి, పెన్సిలు ములికి దూరేంత సందు కూడా లేకుండా మూసుకుపోయింది. మెకానిక్కు ద్వారబంధానికి కొత్త తలుపు బిగించాడు. తలుపు వెనక గోడ ఉన్న సంగతి చూడలేదు. వంచిన ఇనప తీగతోనూ కార్బ్యురేటరు కడిగే ద్రావకంతోనూ సాయంత్రం దాకా గీకాను. తిరిగి బిగించి పంపు నొక్కితే ఇంజను ఒక్కసారి వణికి ఆగిపోయింది. బండి ఆగిపోతే సంతోషించడం నా జన్మలో అదొక్కసారే. మర్నాటినుంచి ఎత్తుమీద ఆ గులకరాళ్ళ చప్పుడు లేదు. తరవాతి పరీక్షలో నెగ్గింది. కన్వర్టరు దోషం ఏమీ లేదు.

* * *

టైమింగు వెనక్కి తిప్పే సలహా నాకు మళ్ళీ గుర్తొచ్చింది 2015 సెప్టెంబరులో. ఫోక్స్‌వాగన్ కంపెనీ తన డీజిలు కార్లలో పరీక్ష జరుగుతోందో లేదో పసిగట్టే ప్రోగ్రాము పెట్టిందని అప్పుడు బయటపడింది. పరీక్షలో బుద్ధిమంతురాలిగా ఉన్న కారు రోడ్డు మీద పరిమితికి నలభై రెట్ల దాకా నత్రజని ఆక్సైడులు వదిలేది. ప్రపంచమంతా కలిపి ఒక కోటీ పది లక్షల కార్లలో ఆ ప్రోగ్రాము ఉంది. పట్టిచ్చినవి ప్రయోగశాలలోని రోలర్లు కావు. పరికరాలను కారులోనే పెట్టుకుని రోడ్డు మీద తిరిగిన వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకుల కొలతలు.

ఇది కొత్త కథ కూడా కాదు. చలిలో కాలుష్య నియంత్రణను ఆపేసే మీటలు 1973 నమూనాలలో పెట్టినందుకు ఇదే కంపెనీ 1974లో 1,20,000 డాలర్లు కట్టి రాజీపడింది. 1998లో ఏడు కంపెనీలు లారీ డీజిలు ఇంజనుల విషయంలో ఇలాంటి అభియోగం మీదే అమెరికా ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చాయి. ఆ ఒప్పందం వల్ల కొత్త పరిమితులు 2002 అక్టోబరుకే ముందుకు జరిగి, లారీలలో చల్లార్చిన పొగను తిప్పి పంపే ఈజీఆర్ విస్తారంగా వచ్చింది. 2015లో స్నేహితులందరూ కంపెనీని తిడుతుంటే నేను మరీ గొంతు పెంచలేకపోయాను. పక్క కుర్చీ ఆయన నాకు ఉచితంగా చెప్పిన ఉపాయమే వాళ్ళు ప్రోగ్రాముగా రాసుకున్నారు.

మన దగ్గర సంగతి? మా అన్నయ్య రేకుముక్క బిగించి కూడా పొల్యూషన్ సర్టిఫికెట్టు ఏటా దర్జాగా తెచ్చుకునేవాడు. అబద్ధమాడి కాదు. డీజిలు బండికి ఆ పరీక్షలో కొలిచేది పొగ నలుపు. ఈజీఆర్ మూసేస్తే డీజిలు పొగ నలుపు తగ్గుతుంది కూడా! పెరిగేవి కంటికి కనబడని నత్రజని ఆక్సైడులు. వాటిని ఆ పరీక్ష అడగనే లేదు. కాలిఫోర్నియా 1984లో చేసిన పొరపాటు మరో రూపంలో మన దగ్గరా జరిగింది. 2020 ఏప్రిల్లో భారత్ స్టేజ్ 6 వచ్చాక, 2023 ఏప్రిల్నుంచి కొత్త నమూనాలను రోడ్డు మీద నడుపుతూ కొలవడం నియమంలోకి వచ్చింది. అది కొత్త బండ్ల మాట. పాత బండ్లలోని రేకుముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

రివర్‌సైడ్ కొండల విషయం చెప్పి ముగిస్తాను. దక్షిణ కాలిఫోర్నియాలో 1990లనుంచి పిల్లల ఊపిరితిత్తుల పెరుగుదలను కొలుస్తూ వచ్చిన పరిశోధకులు 2015లో ఒక ఫలితం ప్రకటించారు. రివర్‌సైడ్‌తో సహా అయిదు ఊళ్ళలో, 1994నుంచి 2011 దాకా మూడు తరాల బడిపిల్లలను పోల్చి చూస్తే, గాలిలో నైట్రోజన్ డయాక్సైడూ సన్నటి ధూళీ తగ్గినకొద్దీ పిల్లల ఊపిరితిత్తులు మెరుగ్గా పెరిగాయని. అందులో నా గీకుడు వాటా ఎంతో కొలిచే పరికరం ఏదీ లేదు. మా వాడి రొమ్ము కుదుటపడటానికీ నా కారుకూ సంబంధం ఉందని చెప్పుకునేటంత అమాయకుణ్ణీ కాను. మా కారు పొగ మా ఇంటి మీద కాదు, ఇంకా తూర్పున ఎవరి ఇంటి మీదనో పడేది. మా ఇంటి మీద పడేది పడమట ఉన్నవాళ్ళది. వాళ్ళలో ఎవరో ఒక శనివారం పొద్దున్న బానెట్ ఎత్తి ఉంటారు.

మీ దగ్గరా పాత కారు ఉండి, ఎత్తుమీద గులకరాళ్ళు ఆడిస్తున్నట్టు వినబడితే, కొత్త కవాటం కొనేముందు ఆ చిన్న పంపు ఒకటి కొనుక్కోండి. కవాటం కంటె చవక.